చెల్లెలి నోటికి కాపలా

మీ నాలుకను మీరెప్పుడైనా అద్దంలో నిదానంగా చూసుకున్నారా? చూసుకోండి. దాని మీద నల్లటి మచ్చ కనిపిస్తే భయపడకండి. పుట్టుకతో కొందరికి చెంప మీద మచ్చ ఉంటుంది, కొందరికి అరికాలిలో ఉంటుంది, కొందరికి నాలుక మీద ఉంటుంది. ఒంటికి రంగునిచ్చే పదార్థమే అక్కడ కాస్త ఎక్కువగా చేరింది, అంతే. ఈ మాటే నేను పత్తికొండలో ఒక మనిషికి ఆరేళ్లపాటు చెప్పాను. ఆమె విన్నది, నవ్వింది, నా ప్లేటులో ఇంకో బజ్జీ వేసింది. పోయిన నెల ఆమె చనిపోయింది. ఆ చావులో నా వంతు కూడా ఉంది. దాన్ని దాచి మిగతాది రాయడం నాకు చేతకాదు.

ఆమె పేరు రాయను. ఊళ్లో కూడా పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరూ అక్కా అనేవాళ్లు. టమోటా మార్కెట్టు గేటుకు ఎదురుగా రేకుల కొట్టు. కొట్టు ముందు నాపరాయి పరిచిన అరుగు. ఆ అరుగు మీద ఒక కాలు మడిచి, ఒక కాలు వేలాడేసి అక్క కూర్చునేది. వెనక, పొగలో, పొయ్యి దగ్గర ఆమె చెల్లెలు. బొరుగులతో ఉగ్గాని కలిపేదీ, మిరపకాయ బజ్జీలు వేసేదీ, ప్లేట్లు కడిగేదీ చెల్లెలే. మాట్లాడేది మాత్రం అక్క. నేను ఆ ఊరి హైస్కూలుకు సైన్సు టీచరుగా వెళ్లేనాటికి అక్కకు యాభై దగ్గర పడుతున్నాయి. చెల్లెలు ఆమెకంటే ఎనిమిదేళ్లు చిన్నది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు.

అక్క ఎవరినీ వాక్యం పూర్తి చేయనిచ్చేది కాదు. రైతు వచ్చి, "అక్కా, ఈ పొద్దు రేటు..." అనేలోపే, "పడిపోయింది. పండ్లు రోడ్డు మీద పారబోసి రాపో, ముందు తిను" అనేది. నేను అరుగెక్కగానే, "నోరు తెరవాకండి సార్, మీకేం కావల్నో నాకు తెలుసు" అని లోపలికి చేత్తో సైగ చేసేది. నాకు కావలసింది అదే అయ్యేది కాదు. అయినా తినేవాణ్ని. ఆమె మన బదులు చెప్పిన మాటను కాదనడం కంటే ఒప్పుకోవడమే సులువుగా ఉండేది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక మనిషి మీద ఇంకో మనిషి పెత్తనం ఇంత చిన్నగానే మొదలవుతుంది.

చెల్లెలికి ఏదైనా చెప్పాలనిపిస్తే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని, అక్క చెవిలో చెప్పేది. అక్క ఆ మాటను కాసేపు నములుతున్నట్టు దవడలు కదిలించి, తనకు నచ్చినంత మేరకు బయటికి వదిలేది. "శెనగపిండి అయిపోయిందంట." "గ్యాసు వాసనొస్తాందంట." ఒకరోజు ఆ గుసగుస చాలాసేపు సాగింది. చెల్లెలి మెడ నరాలు ఉబ్బడం నేను చూశాను. అంతా విని అక్క నా వైపు తిరిగి, "ఏం లేదు సార్, ఎండ శానా ఉండాదంట" అన్నది. చెల్లెలు ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఆ చూపు ఎండ గురించి కాదు. ఆమె చెప్పింది ఏమిటో ఇప్పుడిక ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

వచ్చిన కొత్తలో చెల్లెలు మూగదనుకున్నాను. అదే అడిగితే అక్కకు నవ్వొచ్చింది.

"మూగదా? అది నోరు తెరిస్తే ఈ ఊరు మిగలదు సార్. దానిది నల్లనాలుక. ఏమే, సార్‌కు చూపీ."

నలభై ఏళ్ల మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి, డాక్టరు ముందు పిల్లలాగా నాలుక బయట పెట్టింది. ఆవగింజంత మచ్చలు రెండు. అరుగు మీద తింటున్నవాళ్లందరూ మెడలు చాచి చూశారు. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూపించే రైతు ముఖంలో ఉండే గర్వం అక్క ముఖంలో ఉంది.

"దానికి ఐదేండ్లప్పుడు మా నాయన బాయి తవ్వే పనికి పోయినాడు. మాపున ఇది వాకిట్లో నిలబడి, నాయన ఇంక రాడు అనింది. తెల్లారి శవం వచ్చింది. అమ్మ అంతకుముందే ల్యాకపాయ. దీనికి నేను, నాకు ఇది."

"ఆ మాట ఎవరు విన్నారు?" అన్నాను.

"నేను విన్నా. ఇంకెవురు వినల్ల?"

సాయంకాలం పూట చెడు మాట అనకూడదనీ, తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతుంటారనీ మనం పిల్లల నోళ్లు మూస్తూనే ఉంటాం. బావి గట్టు ఎందుకు కూలిందో, తాడు ఎన్నాళ్లదో, పని పెట్టించుకున్నవాడు ఏం జాగ్రత్త తీసుకున్నాడో ఒక్కరూ అడగలేదు. ఐదేళ్ల పిల్ల నోరు దొరికింది కదా, ఇక విచారణ దేనికి? బావి తవ్వించినవాడు బతికిపోయాడు. పిల్ల ముప్పై అయిదేళ్లకు పైగా శిక్ష అనుభవించింది.

ఇదంతా చెప్పాక ఆ అక్కను ఒక రాక్షసిగా మీరు ఊహించుకుంటే నా రాత తప్పిందన్నమాట. రోజూ పొద్దున కొట్టు తెరవకముందు చెల్లెల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని తల దువ్వేది. చిక్కు తీసేటప్పుడు నొప్పి పుట్టకుండా వెంట్రుకల మొదలు వేళ్లతో పట్టుకునేది. తను చిరిగిన చీర కట్టుకుని చెల్లెలికి కొత్తది కొనేది. బస్సు ప్రయాణంలో కిటికీ పక్క సీటు చెల్లెలిదే. కొట్టి నోరు మూయించి ఉంటే ఊళ్లో ఎవరో ఒకరు అడ్డుపడి ఉండేవాళ్లేమో. ఆమె దువ్వుతూ మూయించింది. మన దగ్గర అలాంటి దానికి అడ్డుపడే ఆచారం లేదు.

"ఆమెను మాట్లాడనివ్వు అక్కా" అని నేనన్నప్పుడల్లా ఆమె జవాబు ఒకటే. "దాని నోరు నా కాడ భద్రంగా ఉండాది సార్."

ఆ భద్రం ఎలాంటిదో ఒక మార్కెట్టు రోజున చూశాను. రద్దీలో ఎవరో తోసేసరికి బాణలి ఒరిగి చెల్లెలి ముంజేతి మీద నూనె పడింది. "అమ్మా, సస్తిని" అని అరిచింది. మీరూ నేనూ కాలికి రాయి తగిలినా అనే మాటే. అక్క ఒక్క అంగలో లోపలికి దూకింది. పక్కనే నీళ్ల బిందె ఉంది. ఆమె చెయ్యి బిందె మీదికి పోలేదు, గూట్లో ఉన్న ఉప్పు కుండలోకి పోయింది. రెండు వేళ్లతో చెల్లెలి దవడలు నొక్కి నోరు తెరిపించి, అన్న మాట ఫలించకుండా నాలుక మీద రాళ్ల ఉప్పు కుక్కి, కరిగేదాకా గడ్డం పట్టుకుని నిలబడింది. చెల్లెలి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ముంజెయ్యి ఎర్రగా పొంగుతోంది. ఆ తర్వాతే బిందెలోని నీళ్లు చేతి మీద పోసింది.

నేను అరిచాను. ఆమె నా వైపు చూసి చాలా మామూలుగా అన్నది: "ముందు ప్రాణం సార్. తర్వాత చెయ్యి."

ఆ రోజు నాకు వచ్చిన కోపం వివేకాన్ని తినేసింది. వేదికల మీద బాబాలను సవాలు చేసి అలవాటైన నోరు నాది. మర్నాడు పొద్దున అరుగు నిండా జనం ఉండగా అదే పద్ధతి ఇక్కడా వాడాను.

"నీ చెల్లెల్ని అందరి ముందూ నన్ను శపించమను. చచ్చిపోతావని అనమను. చూద్దాం."

అక్క నవ్వింది. "మీరు పోతే పిల్లోల్లకు సైన్సు ఎవురు చెప్తారు సార్?"

మార్కెట్టులో కాటా వేసే భాయి నోట్లో బజ్జీ పెట్టుకుని, "ఇంకో సార్ వస్తాడులే అక్కా. ఈ సార్ హోంవర్కు శానా ఇస్తాడని మా బుడ్డోడు ఏడుస్తాండాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కతే. పొయ్యి దగ్గర నుంచి ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"చూసినారా, నా బంగారు. పరాయోల్లను అనదు" అన్నది అక్క. జనం ఇంకా చూస్తున్నారు. పౌరుషం కలిగింది కాబోలు, అరుగు మీద సర్దుకుని కూర్చుంది. "మీకంత పరీక్ష కావల్లంటే నన్ను అనమనండి. అంటాదేమో అడగండి."

తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్న మనిషి ధీమా అది. నేను అక్కడ ఆగి ఉండాలి. ఆగలేదు. గడువు లేని శాపాన్ని పరీక్షించలేమనీ, ఎన్నేళ్లకు చచ్చినా శాపం ఫలించిందంటారనీ, కాబట్టి గడువు పెట్టాలనీ వాదించాను. వాదనలో తప్పు లేదు. "నలభై రోజులు" అన్నాను. ఆ అంకె నాదే, శపించిన మనిషిది కాదు.

చెల్లెలు పొయ్యి మంట తగ్గించింది. చేతులు తుడుచుకుంది. చేతి కట్టు సరిచేసుకుంది. ముందుకు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు, చెవి దగ్గరికి వంగలేదు. అక్క ముందు తిన్నగా నిలబడింది. అక్క అరచెయ్యి అలవాటుగా పైకి లేచింది, ఆపమన్నట్టు. అప్పటికే ఆలస్యమైంది.

"అక్కా, నలభై దినాల్లో నువ్వు పోతావు."

బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది. గొంతు బొంగురుగా, మరెవరిదో అన్నట్టుంది. ఎవరూ నమలడం లేదు.

మొదట నవ్వింది అక్కే. "విన్నారా, ఎట్ల మాట్లాడిందో" అన్నది. నవ్వుతూనే లేచి గూటి దగ్గరికి వెళ్లి ఉప్పు గుప్పిట్లోకి తీసుకుంది. చెల్లెలు నోరు తెరిచి సిద్ధంగా నిలబడింది. అక్క ఆ నోటి వైపు చూసి, ఆ ఉప్పు తన నోట్లో వేసుకుంది.

"అదేంది అక్కా, నీ నోట్లో ఏస్కుంటివి?" అన్నాడు భాయి. మాకందరికీ అది తమాషాగా అనిపించింది. నేను స్కూలుకు వెళ్లి స్టాఫ్ రూములో ఈ కథంతా చెప్పి మెప్పు పొందాను.

తర్వాతి రోజుల్లో చెల్లెలు మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు చిన్నచిన్న మాటలు. "ఇంకోటి?" "కారమా?" ఒకరోజు నన్ను, "సార్, మీది ఏ ఊరు?" అని అడిగింది. కడప అన్నాను. "దూరమా?" అన్నది. ఆ రెండు ప్రశ్నలు విని నాకు కలిగిన సంతోషం ఏ సభలో చప్పట్లూ ఇవ్వలేదు. ఆమె మాట పెరిగినకొద్దీ అక్క మాట తగ్గింది, ఇద్దరికీ కలిపి ఒకటే గొంతు ఉన్నట్టు. రైతులు తమ వాక్యాలు తామే పూర్తి చేసుకోసాగారు. అది విముక్తి అనుకున్నాను. అక్కకు చక్కెర జబ్బు ఉందనీ, రోజూ బిళ్లలు వేసుకునేదనీ నాకు తెలుసు. ఇప్పుడు వేసుకుంటోందా అని అడగాలని మాత్రం తోచలేదు. వేసవి సెలవులకు కడప వెళ్లిపోయాను.

నలభై ఒకటో రోజున మిఠాయి పొట్లంతో పత్తికొండ బస్సు దిగాను. కొట్టు మూసి ఉంది. వెనక గదిలో అక్క మంచం మీద ఉంది. కాలికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది, గదంతా చీము వాసన. చెల్లెలు విసనకర్రతో ఈగలు తోలుతోంది. నన్ను చూసి, "బిళ్లలు వేసుకోదు సార్. చెప్తే వినదు" అన్నది. నలభై ఏళ్లు దాటాక వచ్చిన మాటను ఆమె ఈ పనికి వాడుకోవలసి వచ్చింది.

"నలభై రోజులు దాటాయి అక్కా. బతికే ఉన్నావు" అన్నాను.

"ఉండాను సార్. మీరే గెలిస్తిరి."

"బిళ్లలు ఎందుకు మానేశావు?"

"గడువు పడినాక బిళ్లలు పని జేస్తాయా సార్?"

ఆసుపత్రికి పోదామన్నాను. ఆటో పిలవడానికి చెల్లెలు బయటికి వెళ్లింది. ఆమె గడప దాటిందాకా చూసి, అక్క నా వైపు తల తిప్పింది.

"ఆ మాట అనింది అది కాదు సార్. నేను."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ పొద్దు మా నాయన నన్ను కొట్టి పనికి పోయినాడు. కోపంగా నేనే అంటిని, ఇంక రాకపోతే పీడ పోతాదని. అది నా సంకలో ఉండె. తెల్లారి శవం వచ్చె. అందరూ ఏడుస్తాండ్రి. నాకు ఏడుపు రాల్యా, భయం వచ్చె. ఇది నోరు తెరిచి ఏడుస్తాంటే మచ్చలు కనపడె. ఇదే అనింది, దీని నాలుక చూడండి అంటిని. అందరూ చూసిరి. ఆ దినం నాకు నిద్ర పట్టింది సార్."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నన్ను ఇడ్చిపెట్టి పోతాది కదా. మీరే చెప్పండి, నేను పోయినాక."

ఇంతకంటే క్రూరమైన వాక్యం నేను వినలేదు. పదమూడేళ్ల పిల్ల భయంలో ఆడిన అబద్ధాన్ని నేను అర్థం చేసుకోగలను. నలభై ఏళ్ల మనిషి, యాభై ఏళ్ల మనిషి దానికి కాపలా కాయడాన్ని అర్థం చేసుకోలేను. తన నాలుక మీద మచ్చ లేదని ఆమెకు తెలుసు. అయినా తన మాటే తండ్రిని చంపిందని నమ్మింది. ఆ నమ్మకాన్ని తను మోయలేక ఐదేళ్ల చెల్లెలి నోట్లో పెట్టింది. అది అక్కడి నుంచి బయటికి రాకుండా ఉప్పుతో మూసింది.

కర్నూలు ఆసుపత్రిలో ఐదో రోజున ఆమె చనిపోయింది. కాలి పుండు విషం రక్తంలోకి పాకిందని డాక్టర్లు చెప్పారు. గడువు ప్రకారం పందెం నేనే గెలిచాను. ఆ గెలుపు పట్టుకుని శవం పక్కన నిలబడి, చూడవచ్చిన వాళ్లతో రోజుల లెక్క చెప్పాను. భాయి నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"సార్, మీరు దినాలు లెక్కబెడ్తాండారు. వాళ్లు శవాన్ని చూస్తాండారు. ఇంక ఊరుకోండి."

ఊరుకోలేదు. మట్టి చేసి వచ్చాక, చెల్లెలు గడపలో కూర్చుని ఉంటే, అక్క చెప్పిన మాట చెప్పాను. ఒక్క ముక్క తీసేయకుండా చెప్పాను. నిజం చెబితే సంకెళ్లు వాటంతటవే ఊడిపడతాయని జీవితమంతా ఉపన్యాసాలిచ్చినవాణ్ని. ఆమె అంతా విన్నది. లేచి నా పక్కకు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"నా కోసరం మా యక్క ఎంత అబద్ధమైనా ఆడ్తాది సార్" అని గుసగుసగా చెప్పింది.

చెప్పి అలాగే నిలబడింది. ఆ మాటను నేను బయటికి, గుమ్మం ముందున్న మనుషులకు, నాకు తోచిన మేరకు చెబుతానని ఎదురుచూస్తోంది. ఖాళీ అయిన ఉద్యోగం నాకు ఇవ్వబోతోంది. నేను పక్కకు జరిగాను. అలా జరిగి ఆమెకు మేలు చేశానో, ఉన్న ఒక్క దారీ మూసేశానో నిర్ణయించుకోలేకపోతున్నాను. ఆ రోజు నుంచి ఆమె మళ్లీ మాట్లాడలేదు.

ఇప్పుడామె పొద్దున్నే లేచి ఉగ్గాని కలుపుతుంది. బజ్జీలు వేస్తుంది. అరుగు ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆ చేతి తిండి తిన్న హమాలీలు రోడ్డు దాటి అవతలి హోటలుకు పోతున్నారు. ఆడవాళ్లు పిల్లలను ఇటువైపు రానివ్వడం లేదు. తోడబుట్టినదాన్ని మింగిన నోరంటున్నారు. నాతో సభలకు వచ్చి చప్పట్లు కొట్టిన ఒక పెద్దమనిషి, "నాకు నమ్మకం లేదప్పా, ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకోరు" అని తల తిప్పుకుని పోతున్నాడు. అక్కను తనంతట తానే మానేసిన బిళ్లలు చంపాయి. ఈమెను చంపుతున్నవి ఆ దాటిపోయే కాళ్లు. రెండో చావుకు ఇంకా గడువు పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చదివి జాలిపడితే నాకేం ఉపయోగం లేదు, ఆమెకు అసలే లేదు. మీరు పత్తికొండ వాళ్లయితే రేపు పొద్దునే ఆ కొట్టుకు వెళ్లండి. వేరే ఊరివాళ్లయితే, మాట మంచిది కాదని మీ వీధిలో అందరూ తప్పించుకుపోయే మనిషి ఎవరో మీకు తెలుసు, ఆ గుమ్మానికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, మీ పిల్లల్ని చేయి పట్టుకుని తీసుకెళ్లండి. పెట్టింది తినేసి దండం పెట్టి వచ్చేయకండి. పక్కన నిలబడి చెవి ఇవ్వకండి, ఎదురుగా కూర్చోండి. ఇకముందు మీ ఆరోగ్యం ఎలా ఉంటుందో చెప్పమని మీరే అడగండి. ఆమె తల ఊపుతుంది, చేత్తో సైగ చేస్తుంది, లోపలికి పోతుంది. ఆమె బదులు మీరు జవాబు చెప్పకండి. ఆమె తన నోటితో పలికేదాకా అక్కడి నుంచి లేవకండి.